కరెంటూరు ఆటలో లేని పెట్టె

భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. పాఠం ఎలా చెప్పాలని ఎవరూ అడగరు. "మేడమ్, బడిలో ఇచ్చిన ట్యాబుల్లో సైన్సు ఆటలున్నాయి. పిల్లలతో ఆడించొచ్చా, కూడదా?" అని అడుగుతారు. ఒక్క ముక్కలో జవాబొస్తే బస్సు అందుకుని వెళ్ళిపోవాలని వాళ్ళ తొందర. ఒక్క ముక్కలో చెప్పడం నాకు చేతకాదు. అందుకే ఇది రాస్తున్నాను.

నా సర్వీసంతా పాత అనంతపురం జిల్లాలోనే గడిచింది. మొదట చిలమత్తూరు, మధ్యలో రాయదుర్గం, చివర మడకశిర. ప్రమోషన్లు, ఇన్‌స్పెక్షన్లు, ఎన్నికల డ్యూటీల గురించి చెప్పను. అవి అందరివీ ఒకటే. ఒక హెడ్‌మాస్టరు గురించి, ఒక కప్ప గురించి, ఒక అమ్మాయి గురించి చెప్తాను.

గోవిందప్ప సార్ తాళంచెవి

చిలమత్తూరు దగ్గర హైస్కూల్లో నేను చేరేనాటికి గోవిందప్ప సార్ హెడ్‌మాస్టరు. సైన్సు బీరువా తాళంచెవి ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే ఉండేది. లెన్సులు, టెస్టు ట్యూబులు, ఆమ్లం సీసాలు అద్దం వెనక దుమ్ము పట్టి ఉండేవి. పిల్లలు వాటిని పటాల్లో దేవుళ్ళను చూసినట్టు దూరం నుంచే చూసిపోయేవాళ్ళు. నేను కొత్త, దుడుకు ఎక్కువ. ఈయన ఉత్త పిరికి మనిషి అని మనసులో తీర్మానించుకున్నాను.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "సార్, దేన్నీ ముట్టుకోనియ్యకుండా సైన్సు ఎట్లా చెప్పేది?"

ఆయన కోప్పడలేదు. కుర్చీ చూపించారు. "ముందు పన్జేసిన బళ్ళో ఒక పిల్లోని కంట్లో యాసిడ్ పడిందమ్మా. నేను బోర్డు మింద రాస్తాండా. ఎనక్కి తిరిగేలోపల జరిగిపోయింది. వాళ్ళ నాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టింటే బాగుండు. తిట్టలేదు గాబట్టే ఈ పొద్దుకీ మర్చిపోలేదు నేను."

ఆయనే తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు.

"తెరుద్దాం. తెరవద్దనేది కాదు నా మాట. పిల్లోల్ల ముందర చేసేదానికి ముందు నువ్వొక్కదానివే చేసి చూడల్ల. ఒకసారి సరిగ్గా చెయ్యి. ఇంకోసారి తప్పుగా చెయ్యి. పిల్లోడు ఎట్ల తప్పుజేస్తాడో అట్ల."

బీఈడీలో నాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత నేను చేయించిన ప్రతి ప్రయోగాన్నీ ముందు తప్పుగా చేసి చూసుకున్నాను. భయపడే పైఅధికారి వెనక ఏదో ఒక సంగతి ఉంటుందని కూడా ఆ రోజే తెలిసింది. అది కనుక్కోకుండా ఆయనతో వాదానికి దిగితే నోరు నొప్పి తప్ప ఒరిగేదేమీ ఉండదు.

కుట్టు కనబడని కప్ప

రాయదుర్గంలో పనిచేసేటప్పుడు బడికి కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో జీవశాస్త్రం ఆట ఒకటి ఉండేది. తెర మీద కప్పను పడుకోబెడతారు. పిల్లలు మౌస్‌తో దాన్ని కోసి గుండె, ఊపిరితిత్తులు, కడుపు గుర్తుపట్టాలి. అయిపోయాక ఒక బొత్తం నొక్కితే కప్ప మళ్ళీ మామూలుగా లేచి గెంతుతూ వెళ్ళిపోతుంది.

మంచి ఆటే. ఒక్క కప్పనూ చంపకుండా పిల్లలు దాని లోపలంతా చూశారు. అంతకుముందు రక్తం చూసి కళ్ళు తిరిగి పడిపోయే పిల్లలు కూడా ధైర్యంగా ముందుకొచ్చారు. జీవశాస్త్రం టీచరు, నేను ఇద్దరం సంతోషపడ్డాం.

ఆ ఊళ్ళో చాలామంది తల్లులు జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లలో పనిచేస్తారు. పిల్లలు సాయంత్రాలు ఆ గుడ్డల గుట్టల మధ్యే పెరుగుతారు. అలాంటి ఇంటి పిల్ల ఒకతి, ఏడో తరగతి, తెర మీద కప్ప గెంతిపోగానే నన్ను పిలిచింది.

"మేడమ్, కుట్టు యాడుండాది?"

"ఏం కుట్టు?"

"కోసినారు గదా. కుట్టకుండా ఎట్ల అతుక్కునింది? మా అమ్మ కోసిన గుడ్డను కుట్టాలంటే పొద్దుగూకుతాది."

పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ పిల్ల అడిగింది నవ్వులాట మాట కాదు. కోసిన వస్తువును మళ్ళీ కలపడానికి ఎంత పని పడుతుందో ఆ ఇంట్లో పుట్టిన పిల్లకు తెలుసు. ఆట ఆ పనిని దాచేసింది. ఆ రోజు పాఠం పక్కన పెట్టి గాయం ఎలా మానుతుందో, ఎన్నాళ్ళు పడుతుందో మాట్లాడుకున్నాం. ఒక్కొక్కరూ తమ మోకాళ్ళ మీద మచ్చలు చూపించారు. ఆ పీరియడ్‌లో పిల్లలు అడిగినన్ని ప్రశ్నలు ఆ ఏడాదంతా నన్ను అడగలేదు.

కరెంటూరు

చివరి పోస్టింగు మడకశిర పక్క పల్లెలో. కర్ణాటక సరిహద్దు దగ్గర కాబట్టి సగం మంది పిల్లలు ఇంట్లో కన్నడమే మాట్లాడతారు. తెలుగు పుస్తకం చదవాలంటే వాళ్ళకు కష్టం. వాళ్ళు మందమతులని కొందరు టీచర్లు అనుకునేవాళ్ళు. అదంతా భాష తంటా అని నా అభిప్రాయం.

ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు వచ్చిన ఏడాది, బెంగళూరు నుంచి కార్తీక్ అనే కుర్రాడు వచ్చాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి పిల్లల కోసం ఒక ఆట తయారుచేశానని, మా బడిలో ఆడించి చూస్తానని హెడ్‌మాస్టరు ప్రసాద్ సార్‌ను అడిగాడు. ఆట పేరు కరెంటూరు. తెర మీద చీకటి పడిన పల్లె ఉంటుంది. గుండు అనే బొమ్మ పిల్లవాడు చేతిలో తీగచుట్ట పట్టుకుని నిలబడతాడు. వాడితో తీగలు కలిపించి, స్విచ్చులు పెట్టించి ఒక్కో ఇంట్లో దీపం వెలిగించాలి. ఇళ్ళన్నీ అయ్యాక బోరు మోటరు నడిపించాలి. అది నడిస్తే ఎండిన చేను పచ్చబడుతుంది. మా మెట్టభూముల పిల్లలకు తెర మీదైనా సరే, నీళ్ళు పారడం చూడటం పెద్ద పండుగ.

గోవిందప్ప సార్ చెప్పినట్టు నేను దాన్ని తప్పుగా ఆడి చూశాను. తీగను పట్టుకోకూడని చోట పట్టిస్తే గుండు గడగడా వణికి, జుట్టు నిక్కబొడుచుకుని, హీహీ అని నవ్వుతూ లేస్తాడు. నాకు నచ్చలేదు. కార్తీక్‌కు ఫోన్ చేశాను.

"షాకు కొట్టినవాడు నవ్వుతూ లేస్తున్నాడేం నాయనా?"

"పిల్లలు భయపడకూడదని అలా పెట్టాం మేడమ్. భయపడితే ఆట మానేస్తారు. తర్వాత చేసేదాంట్లో మార్చడానికి చూస్తాను."

షాకు కొడితే ఎవరూ నవ్వరని క్లాసులో చెప్పి ఆట మొదలుపెట్టించాను.

ఆ క్లాసులో నాగరత్న అని ఒక పిల్ల ఉండేది. పాఠం చదవమంటే తల వంచుకుని నిలబడేది. ఈ ఆటలో చదవాల్సిన మాటలు తక్కువ. అందరికంటే ముందు ఊరంతా వెలిగించింది ఆ పిల్లే. వెనకబడిన వాళ్ళ పక్కన కూర్చుని కన్నడంలో, తెలుగులో చెప్పేది. ఒకరోజు నేను బోర్డు మీద శ్రేణి సంధానం గీస్తుంటే తనంతట తాను లేచింది.

"ఒకే తీగ మింద అన్నీ వరసగా కడితే ఒకటి పోతే అన్నీ పోతాయి మేడమ్. మా ఊరి జాతర లైట్లు అట్లనే పోతాయి."

క్లాసులో ఆ పిల్ల గొంతు నేను విన్నది అదే మొదటిసారి. ఆట మంచిదే అని ఆ రోజు ప్రసాద్ సార్‌తో గట్టిగానే చెప్పాను.

ఎర్ర బొత్తం

నాగరత్న వాళ్ళ నాయన ఈరప్ప. బోరు కింద కొంచెం మల్బరీ తోట వేసి పట్టుపురుగులు పెంచుతాడు. పురుగులు బాగా మేసే రోజుల్లో నీళ్ళు లేక ఆకు వాడిపోతే మొత్తం పంట పోతుంది. అలాంటి రోజుల్లోనే ఒకనాడు ఆయన పురుగుల షెడ్డులో చల్లే మందు కోసం హిందూపురం వెళ్ళాడు. తోట కాడ నాగరత్న, వాళ్ళ అవ్వ ఉన్నారు. పొలానికి కరెంటు వచ్చింది కానీ మోటరు తిరగలేదు.

నాగరత్న స్టార్టర్ పెట్టె దగ్గరికి పోయింది. ఎర్ర బొత్తం నొక్కింది. మూత తెరిచింది. లోపల ఒక తీగ వదులై కొస బయటికి వచ్చి ఉంది. దాన్ని వేళ్ళతో లోపలికి తోయబోయింది.

ఆ దెబ్బకు వెనక్కి విరుచుకుపడింది. పక్క తోటవాళ్ళు అవ్వ కేకలు విని పరుగెత్తుకొచ్చి బండి మీద మడకశిర ఆస్పత్రికి తీసుకుపోయారు. కాళ్ళకు రబ్బరు చెప్పులు ఉన్నాయి, నేల పొడిగా ఉంది. రెండు వేళ్ళు కాలాయి, ప్రాణం నిలిచింది.

మర్నాడు ఈరప్ప బడికి వచ్చాడు. ట్యాబును సంచిలోంచి తీసి ప్రసాద్ సార్ బల్ల మీద పెట్టాడు.

"దీంట్లో కరెంటు పని నేర్పిస్తారంట గదా. నేర్చుకునింది సార్ నా కూతురు. ఆస్పత్రికి పోయి చూడండి ఎంత బాగా నేర్చుకునిందో."

సాయంత్రానికి ట్యాబులన్నీ బీరువాలోకి వెళ్ళిపోయాయి. తాళం వేస్తూ ప్రసాద్ సార్ నా వైపు చూడకుండా అన్నారు. "రేపు ఇంకో బిడ్డకు ఏమన్నా అయితే పైవాళ్ళకు నేనేం చెప్పాలి మేడమ్?" ఆయన్ను నేను పిరికివాడని అనుకోలేదు. ఆ వయసు దాటాను.

నాగరత్న ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిందని తెలిసి చూడటానికి వెళ్ళాను. చెయ్యికి కట్టుతో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఉక్కగా ఉంది. ఫ్యాన్ తిరగడం లేదు. నేను కూర్చోగానే తమ్ముణ్ణి పిలిచి ఫ్యాన్ వెయ్యమంది.

"అక్క స్విచ్చి ముట్టుకోదు మేడమ్," అన్నాడు వాడు. "లైటుకు కూడా నన్నే పిలుస్తాది."

వాడు బయటికి వెళ్ళాక ఆ పిల్లే మెల్లగా అంది. "నేను ఆపినాకనే ముట్టుకున్నా మేడమ్. ఆట్లో చెప్పినట్లే ముందు స్విచ్చి ఆపినా. అయినా కొట్టింది. నేను యాడ తప్పుజేసినా?"

"ఏ స్విచ్చి ఆపినావు?"

"ఎర్ర బొత్తం."

అప్పుడు అర్థమైంది నాకు. ఆటలో ఉండేది ఒకటే స్విచ్చి. అది ఆపితే ఊరంతటికీ కరెంటు ఆగిపోతుంది. పొలంలో అలా కాదు. ఎర్ర బొత్తం నొక్కితే మోటరుకు వెళ్ళే కరెంటు మాత్రమే ఆగుతుంది. పెట్టెలోకి వచ్చే తీగల్లో అది అలాగే ఉంటుంది. దాన్ని ఆపాలంటే పైనున్న మెయిన్ స్విచ్చి తీయాలి. ఆటలో ఆ పెట్టె లేదు, ఆ మెయిన్ లేదు. నేను ఆటను తప్పుగా ఆడి చూశాను, బొమ్మ నవ్వడమే తప్పని పట్టుకున్నాను. ఈ పిల్ల ఆడింది సరిగ్గానే. ఆటలో సరైన పనే పొలంలో ప్రాణం మీదికి తెచ్చింది.

"తప్పు నీది కాదు. ఏం జరిగిందో మీ నాయన ముందరే చెప్తా. బడిలో తల్లిదండ్రుల మీటింగు ఉంది, వస్తావా?" అని అడిగాను. తల ఊపింది.

వరండాలో మీటింగు

తల్లిదండ్రుల మీటింగు బడి వరండాలో పెట్టారు. మామూలుగా పది మంది రారు. ఆ రోజు చాపలు చాలలేదు. ఈరప్ప నిలబడే మాట్లాడాడు.

"నా బిడ్డ బతికింది ఇంటి దేవర దయ. ట్యాబులు మాకొద్దు. పుస్తకం చాలు. ఆడపిల్లకు మోటర్ల కాడ పనేమిటికి అసలు? ఇంగ కరెంటు పాఠం కూడా చెప్పద్దండి దానికి."

చాలామంది అవునవునన్నారు. ఒక తల్లి మాత్రం, "మా వాడు ఆ ఆట వచ్చినాకనే ఇస్కూలు ఎగ్గొట్టేది మానినాడు," అని మెల్లగా అని, అందరూ తిరిగి చూసేసరికి కొంగు సర్దుకుని ఊరుకుంది.

నేను నాగరత్నను ముందుకు పిలిచాను. "ఆ రోజు ఏమేం చేసినావో వరసగా చెప్పు."

అంతమంది ముందు ఆ పిల్ల మాట్లాడుతుందని నాకే నమ్మకం లేదు. తలెత్తకుండానే చెప్పింది. "మోటరు తిరగలేదు. ఎర్ర బొత్తం ఒత్తినా. మూత తీసినా. తీగ బయటుండాది. తోసినా."

"ఎర్ర బొత్తం నొక్కమని ఆటలో ఉందా?"

"లేదు మేడమ్. ఆట్లో స్విచ్చి ఆపమని ఉండాది. ఎర్ర బొత్తం..." అని ఆగి, తండ్రి వైపు చూసింది. "నాయనా, నువ్వు పెట్టె తెరిచేటప్పుడు ఎర్ర బొత్తమే గదా ఒత్తేది. అదే స్విచ్చి అనుకున్నా."

వెనక స్తంభం దగ్గర కూర్చున్న ఒక పెద్ద రైతు తల గీరుకుంటూ అన్నాడు. "మనూర్లో ఎవురు జేసేదైనా అదే గదప్పా ఈరప్పా. నీళ్ళు పారే టైములో మెయిన్ తీసేదానికి ఎవురికి ఓపికుంటాది?"

ఈరప్ప అక్కడే చాప మీద కూలబడ్డాడు. ఎవరితోనో కాదు, తనతో తాను మాట్లాడుకున్నట్టు అన్నాడు. "ఇన్నేండ్లూ నేనూ అట్లనే చేస్తాండా. నాకు తగల్లేదు, అంతే. దానికి తగిలింది."

అప్పుడు నేను చెప్పాల్సింది చెప్పాను. ఆట ఈ పిల్లకు అబద్ధం చెప్పలేదు, సగం చెప్పి ఊరుకుంది. మిగతా సగం పొలంలో ఉంది, అక్కడ మనం చేసే పని చూసి నేర్చుకుంది. ట్యాబులు బీరువాలో పెడితే ఆట ఆగుతుంది కానీ పెట్టె పొలంలో అలాగే ఉంటుంది, పిల్లలు దాని దగ్గరికి పోతూనే ఉంటారు. దాని సంగతి ఎవరు చెప్తారు?

ప్రసాద్ సార్ మాట్లాడారు. "ట్యాబులు బీరువాలోంచి బయటికి తీస్తాను. ఈ ఆట మాత్రం మేడమ్ క్లాసులో ఉన్నప్పుడే ఆడాలి. ముందు పొలంలో పెట్టె ఎట్లుంటుందో పిల్లలకు చూపించండి. దూరం నుంచి." ఆయనకు ఆ నిర్ణయం తేలిక కాదని నాకు తెలుసు. ఏదైనా జరిగితే సంతకం ఆయనదే.

మల్బరీ తోటలో

ఎవరి పొలానికి పోవాలని అనుకుంటుంటే, "మాదానికే రండి," అన్నాడు ఈరప్ప. లైన్‌మన్‌ను పిలిపించాం. నేల మీద సున్నంతో గీత గీసి, ఎవరూ అది దాటకూడదని చెప్పి పిల్లలను నిలబెట్టాం.

లైన్‌మన్ ఎర్ర బొత్తం నొక్కి, మూత తీసి, టెస్టర్ పెట్టాడు. టెస్టర్‌లో ఎర్రగా వెలిగింది. పిల్లల్లో గుసగుసలు బయలుదేరాయి. తర్వాత మెయిన్ తీసి టెస్టర్ మళ్ళీ పెట్టాడు. వెలగలేదు.

నాగరత్న అందరి వెనక, గట్టు మీద నిలబడి ఉంది. ఈరప్ప గీత దాటి వచ్చి ఆ పిల్లకు చెయ్యి చాపాడు.

"రా పాపా. నేనుండా గదా. ముట్టుకోవద్దులే, ఊరికే చూడు."

వచ్చింది. తండ్రి పంచె కొస పట్టుకుని చూసింది. "ఇంగోసారి వెయ్యన్నా," అంది లైన్‌మన్‌తో. వేశాడు, వెలిగింది. "ఇప్పుడు తియ్యి." తీశాడు, ఆరింది. అలా ఎన్నిసార్లు అడిగిందో. ఆయన విసుక్కోలేదు. అడిగినప్పుడల్లా ఆ పిల్ల ఒక అడుగు గీత దగ్గరికి జరిగింది.

మరుసటి వారం వాళ్ళ తమ్ముడు బడి గేటు దగ్గర నన్ను ఆపి ఫిర్యాదు చేశాడు. "మా అక్క ఫ్యాన్ అదే ఏసుకుంటాంది మేడమ్. నన్ను ముట్టుకోనియ్యదు. నీకు తెల్దు పో అంటాంది."

ఆట చేసినవాడు

కార్తీక్‌కు జరిగిందంతా ఫోన్లో చెప్పాను. ఆ వారంలోనే బస్సెక్కి వచ్చాడు. మంచి కుర్రాడు. తప్పించుకునే రకం కాదు, అలాగని వెంటనే ఒప్పుకునే రకమూ కాదు. క్లాసులో పిల్లల మధ్య బెంచీ మీద కూర్చున్నాడు.

"ఆటలో అన్నీ పెట్టలేం మేడమ్," అన్నాడు. "పొలంలో ఉన్నవన్నీ పెడితే పిల్లలు రెండో రోజు వదిలేస్తారు. అప్పుడు ఆ ఉన్న నాలుగు విషయాలూ నేర్చుకోరు."

ఆ మాటలో న్యాయముంది. నేను మాట్లాడేలోపే నాగరత్న అంది. "అన్నీ వద్దన్నా. ఆ పెట్టె ఒకటి పెట్టు. ఎర్ర బొత్తం ఒత్తినా లోపల కరెంటుండాదని చూపీ."

"చూపిస్తాను సరే. మరి దాన్ని బాగుచేసే దారి కూడా పెట్టాలి కదా. లేకపోతే పిల్లలు ఎలా గెలుస్తారు?"

"మూత మూసి పెద్దోల్లను పిలిస్తే గెలిచినట్లు."

కార్తీక్ నవ్వబోయాడు. కట్టు విప్పిన ఆ పిల్ల వేళ్ళు బెంచీ మీదే ఉన్నాయి. నవ్వు ఆపుకుని, "ఇంకొకసారి చెప్పమ్మా," అన్నాడు.

కొన్ని నెలలకు కొత్త కరెంటూరు వచ్చింది. అందులో స్టార్టర్ పెట్టె ఉంది. ఎర్ర బొత్తం నొక్కినా లోపలి తీగలు ఎర్రగా మెరుస్తూనే ఉంటాయి. ముట్టుకుంటే గుండు పడిపోతాడు, నవ్వడు, లేవడు. వెలిగించిన ఊరంతా చీకటైపోతుంది, మొదటి నుంచి ఆడాలి. మూత మూసి పక్క పొలంలో ఉన్న పెద్దాయన్ను పిలిస్తే నీళ్ళు పారుతాయి.

ఇక అంతా బాగైపోయిందని చెప్తే అబద్ధం. "దీంట్లో చేసేదేముండాది, మూసి పిలిచేదేనా," అని మగపిల్లలు కొందరు విసుక్కున్నారు. ఏమవుతుందో చూద్దామని పదేపదే ముట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆరో తరగతి పిల్లవాడొకడు నాకు తెలియకుండా అన్నను బతిమాలి ఆ ట్యాబు తీసుకుని ఆడాడు. గుండు లేవకపోయేసరికి ఏడ్చి, మళ్ళీ ఆడనన్నాడు. ఆడమని ఎవరూ బలవంతపెట్టలేదు. ఈ ఆట ఎనిమిదో తరగతికి ముందు వద్దని ఆ రోజే చెప్పాను, ఇప్పటికీ అదే చెప్తాను.

మరోపక్క, సంతలో కనబడ్డ ఒక రైతు నన్ను నిలబెట్టి మొరపెట్టుకున్నాడు. "ఏం జెప్పినారు టీచరమ్మా మా వానికి? పెట్టె కాడికి పోతే చాలు, ఎనకే నిలబడి మెయిన్ తీసినావా నాయనా అంటాండాడు. ఇంజనీరు మాదిరి. తీసేదాకా ఇడ్సడు." మొర లాగానే చెప్పాడు కానీ మొహం నిండా సంతోషం.

అడిగేవాళ్ళకు నా మాట

సైన్సు ఆటలు పిల్లలకు మంచివా కావా అని అడిగితే, మంచివే అంటాను. పుస్తకం దగ్గర నోరు విప్పని పిల్ల తెర దగ్గర విప్పింది. దాన్ని నేను చూశాను. ఆట పెట్టకపోతే నాగరత్న ఆ క్లాసులో తల వంచుకునే ఏడాది గడిపి ఉండేది. ట్యాబులు వచ్చాయి కాబట్టి పిల్లలు చెడిపోయారని మాట్లాడే పెద్దలతో నాకు కుదరదు.

అయితే ఆటను ఇంటికి పంపేముందు మీరు ఆడండి. సరిగ్గా ఆడండి, తప్పుగా ఆడండి. ఆ తర్వాత ట్యాబు పక్కన పెట్టి పిల్లలు సాయంత్రం ఎక్కడికి పోతారో ఆలోచించండి. పొలానికా, మగ్గం దగ్గరికా, మెకానిక్ షెడ్డుకా. ఆటలో ఉన్న వస్తువే అక్కడ కూడా ఉంటే, ఆటలో లాగే ఉంటుందా, వేరేగా ఉంటుందా చూసి రండి. ఒక సాయంత్రం పని. ఆట మీద ఎన్ని నక్షత్రాలున్నాయో, ఏ వయసుకని రాసి ఉందో చూడటం కంటే అది మేలు. రాసినవాళ్ళకు మీ ఊరి పెట్టె తెలియదు.

తప్పు కనబడితే ఆట చేసినవాళ్ళకు చెప్పండి. మనలాంటి వాళ్ళ మాట వింటారా అని సందేహించకండి. వినేవాళ్ళూ ఉన్నారు. మీరు చెప్పేటప్పుడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళు నాకంటే సూటిగా చెప్పారు.

నేను రిటైరైన తర్వాత నాగరత్న పదో తరగతి పాసై పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ తీసుకుంది. ఫారం నింపిన రోజు ఈరప్ప నాకు ఫోన్ చేశాడు. "ఆడపిల్లకు ఏమిటికని అంటాండారు టీచరమ్మా మావాళ్ళు. అన్నీ ఆలోచించి నేనే పొమ్మన్నా," అని పెట్టేశాడు.

ఈ మధ్య హిందూపురం బస్టాండులో ఆ పిల్ల కనబడింది. ముందు నేను గుర్తుపట్టలేదు. పొడుగైంది, భుజాన కాలేజీ సంచి. చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. చదువు ఎట్లుందని అడిగాను.

"బాగుండాది మేడమ్. మొన్న ల్యాబులో సార్ ఒక బోర్డు చూపించి, ఎవురు తెరుస్తారని అడిగినాడు. పిల్లోల్లంతా ముందుకు తోసుకున్నారు. నేను కదల్లేదు. మెయిన్ తీసినారా సార్, టెస్టర్ పెట్టి చూసినారా అని అడిగినా. అందురూ నవ్వినారు, భయస్తురాలని."

"సార్ ఏమన్నారు?"

"ఆయప్ప నవ్వలేదు మేడమ్. వాళ్ళను ఎనక్కి నిలబడమన్నాడు. టెస్టర్ తీసి నా చేతికిచ్చినాడు."